సణిగే హక్కు

ఆటపెట్టెలు అమ్మే షాపు. బయట వాన, లోపల ముగ్గురు. ఒకసారి ఆడించి చూడందే ఎవరికీ పెట్టె కట్టని షాపావిడ ఒకరు. సైకిళ్ళు బాగుచేసే ఒకాయనా, ఆయన పెళ్ళామూ తక్కిన ఇద్దరు. పెళ్ళాం నీళ్ళు పరీక్షించే లాబులో పనిచేస్తుంది. వచ్చిన దగ్గర్నించీ ఈ మొగుడూ పెళ్ళాలకి ఒకచోట కాలు నిలవడం లేదు. షాపావిడ బల్ల మీద పెట్టె తరవాత పెట్టె దించుతూనే ఉంది పాపం.

"ఇది కూడా వద్దా?"

"వద్దు మేడమ్. ఇందులో లెక్కలున్నాయి. లెక్కలుంటే ఈయనగారు చంపేస్తాడు. గింజ గింజా లెక్కపెట్టి, నా చేతిలో ఏముందో నాకంటే ముందే చెప్పేస్తాడు."

"లెక్కపెట్టడం తప్పా? మేడమ్, మీరు చెప్పండి. ఆటన్నాక లెక్కపెట్టడం తప్పా?"

"తప్పని ఎవరన్నారు బాబూ? ముందు ఆ మూత వదులు. చేతికి గ్రీజుంది."

"కడుక్కునే వచ్చానండీ. ఇది పోదు. సైకిల్ షాపువాడి చెయ్యి ఇంతే."

"నీ చేతి మీద పోనిది నా అట్టపెట్టె మీద పోతుందా? వదులు నాయనా. ఆఁ. సరే, ఇది చూడండి. గిన్నె బోర్లించి లోపల పాచికలు గిలకరించాలి. ఎంత పడిందో నువ్వొక్కదానివే చూసుకుని పైకి చెప్పాలి. నిజమైనా చెప్పొచ్చు, అబద్ధమైనా చెప్పొచ్చు. ఎదుటివాళ్ళు కనిపెట్టాలి. కొత్త జంటలకి మాత్రం ఇది అమ్మను. పెట్టె తిరిగొస్తుంది. ఒక్కోసారి ఒక్కళ్ళే పట్టుకొస్తారు."

"మేం కొత్తవాళ్ళం కాదు మేడమ్. అయినా వద్దు. అబద్ధాలాడే ఆటలో ఈవిడ ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. మొహంలో ఒక్క గీత కదలదు. ఇంట్లో పాలున్నాయి అన్నంత తేలిగ్గా చెప్పేస్తుంది."

"నేనెప్పుడు అబద్ధం చెప్పాను?"

"ఆటలో అంటున్నా."

"ఆటలో అని చెప్పు మరి."

"ఆటలో అనే చెప్పాను. దానికంత ఉలికిపాటెందుకు? నీ ఫోను మోగుతోంది, చూడు."

"మోగనీ."

"ఎత్తమ్మాయ్. నా షాపులో ఫోన్లు మాట్లాడకూడదనే రూలేం లేదు."

"ముఖ్యమైంది కాదు మేడమ్. ఆపేశా. మీరు చూపించండి."

"లాబువాళ్ళేమో. సాయంత్రంలోగా చెప్పమన్నారన్నావుగా."

"లాబువాళ్ళు కాదు. చూపించండి మేడమ్, అదిగో, ఆ ఆకుపచ్చ పెట్టె."

"ఇదా? ఇది నలుగురైదుగురు కూర్చుంటేగానీ రక్తి కట్టదు. ఒకళ్ళు బొమ్మ గీస్తే తక్కినవాళ్ళు అదేంటో చెప్పాలి. మొన్న ఒక బ్యాంకు స్టాఫంతా వచ్చి ఆడారు. వాళ్ళ మేనేజరు ఏనుగుని గీస్తే అందరూ కుర్చీ అన్నారు. ఆయన అలిగి వానలో నిలబడ్డాడు. మీరూ ఇంకో జంటని పిలుచుకోండి. బాగుంటుంది."

"జనం వద్దండీ. ఇద్దరమే."

"అవును మేడమ్, మా ఇద్దరికే."

"ఇద్దరికే అయితే కళ్ళు మూసుకుని ఇది తీసుకోండి. ఊరి మీదికి వరద వస్తుంటుంది. ఇద్దరూ కలిసి గట్టు కట్టాలి. గెలిస్తే ఇద్దరూ గెలుస్తారు, మునిగితే ఇద్దరూ మునుగుతారు. మొగుడూ పెళ్ళాలకి ఇంతకంటే మంచిది నా షాపులో లేదు. అన్నదమ్ములకి కూడా ఇదే ఇస్తాను, పంపకాలకి ముందు."

"వద్దు!"

"వద్దు మేడమ్!"

"అమ్మో! ఇందాకట్నించీ ఒక్క మాట మీద లేనివాళ్ళు, దీనికి మాత్రం ఒకే గొంతుతో అరిచారే?"

"అంటే మేడమ్, ఎవరో ఒకళ్ళు ఓడాలి. అదీ మాకు కావలసింది."

"అందరూ గెలవాలని అడుగుతారు బాబూ. ఓడాలని అడగడం నీ దగ్గరే వింటున్నా."

"అదే, గెలవాలనే. ఒకళ్ళు గెలిస్తే ఒకళ్ళు ఓడినట్టేగా? మాట తిరగేసి అన్నానంతే."

"అంత గట్టిగా తేలాలంటే ఈ పాచికలు పట్టుకెళ్ళండి. చెరొకసారి వెయ్యండి. ఎవరికి పెద్దది పడితే వాళ్ళది. చిటికెలో అయిపోతుంది, బుర్రకి పనిలేదు."

"అదృష్టం మీద వద్దు."

"అవునండీ, ఈయనన్నది నిజం. అదృష్టం మీద వద్దు. మన చేతిలో ఉండాలి."

"మళ్ళీ ఒక్కటయ్యారు! చూడండి, కూర్చోండి ఇద్దరూ. అమ్మాయ్, ఆ కిటికీ దగ్గర్నించి ఇటు రా. వాన నువ్వు చూస్తే ఆగదు. బాబూ, నువ్వు కాలూపకు, బల్ల కదిలి నా పాచికలు దొర్లుతున్నాయి. ఇప్పుడు చెప్పండి. ఏంటి కథ? పందెమా?"

"పందెం కాదు మేడమ్."

"పందెం లాంటిదే."

"పందెం కాదు, మా ఇంటి పద్ధతి. పెళ్ళైన కొత్తలో మొదలైంది. మంచానికి కిటికీ వైపు ఎవరు పడుకోవాలని గొడవ. తెల్లారేదాకా తేలలేదు. అప్పుడు ఈవిడ అటక మీంచి చిన్నప్పటి గళ్ళ బోర్డు దించింది. గెలిచినవాళ్ళ మాట చెల్లాలి అంది. అంతే. అప్పట్నించీ తేలనిది ఏదొచ్చినా బోర్డు పరవడమే."

"భలే! మరి కిటికీ ఎవరిది?"

"నాది మేడమ్. ఇప్పటికీ నాదే. గోడలకి వంకాయ రంగు వేయించింది కూడా నేనే, గెలిచి. పిల్లి పేరు దగ్గర మాత్రం ఓడాను. పిల్లిని పట్టుకుని వాషర్ అని పిలుస్తున్నాం, చెప్పుకుంటే సిగ్గుచేటు."

"నట్టు కింద వేసే వాషర్‌లా గుండ్రంగా పడుకుంటుంది మేడమ్. ఇంకేం పేరు పెడతారు?"

"నవ్వించి చంపేట్టున్నారు. ఇలాంటి జంటని నేను చూళ్ళేదు. ఇంత బుద్ధిగా తేల్చుకునేవాళ్ళు ఇవాళ మొహాలు మాడ్చుకుని వచ్చారేంటి మరి?"

"బుద్ధా? రెండో రూలు చెప్పలేదు ఈయన మీకు."

"చెప్పు, నువ్వే చెప్పు. దాని వల్ల సుఖపడింది నువ్వేగా."

"ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ మాట వినాలి మేడమ్. కానీ సణుక్కోవచ్చు. ఎన్నాళ్ళైనా, ఎన్నిసార్లైనా. గెలిచినవాళ్ళు మాత్రం నోరెత్తకూడదు. కిమ్మనకుండా పడాలి. అదీ మా రెండో రూలు. ఓడినవాళ్ళకి ఏదో ఒకటి మిగలాలి కదా?"

"న్యాయంగానే ఉందే."

"న్యాయమా? మేడమ్, మా చెల్లెలు మా ఇంట్లో ఉండి చదువుకోవాలా, హాస్టల్లోనా అని ఒకసారి ఆడాం. నేను గెలిచాను. చెల్లెలొచ్చింది. వయొలిన్ కూడా తెచ్చుకుంది."

"ముందు గదిలో, పొద్దున్నే, నా చెవి పక్కన. ఆడపడుచు కాబట్టి పైకి ఒక్క మాటనలేదు. పిల్లని పువ్వుల్లో పెట్టి చూసుకున్నాను."

"పిల్లని అనలేదు, నిజమే. ఆ అనాల్సిందంతా నన్నంది. ఆదివారం వచ్చిందంటే చాలు, అంట్లు తోముతూ మొదలెట్టేది. నువ్వు గెలిచావుగా, విను, నీ గెలుపే కూస్తోంది, విను, అని. చెల్లెలు చదువైపోయి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది కూడా. సణుగుడు ఇప్పటికీ ఆగలేదు మేడమ్. మొన్న ఆదివారం కూడా అయింది."

"నా హక్కు."

"నీ హక్కే. కాదన్నానా? నోరెత్తానా?"

"సరే సరే. ఇవాళ్టి గొడవేంటో చెప్పండి. దాన్నిబట్టి ఆట తీస్తాను. రోగం తెలియకుండా మందివ్వను నేను."

"సముద్రం పక్కన ఒక ఊళ్ళో కొత్త లాబు పెడుతున్నారు మేడమ్. దానికి నన్ను హెడ్‌గా వేస్తామన్నారు."

"ఎంత చల్లటి మాట చెప్పావమ్మా!"

"ఎన్నాళ్ళనించో అడుగుతోంది మేడమ్ ఈవిడ. పై ఆఫీసుకి తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయి. అక్కడ లాబంటే అద్దాల గదులట, కొత్త మిషన్లట. నిద్రలో కూడా సీసాలు కడిగేది. ఏ ఇంటికి భోజనానికెళ్ళినా ముందు గ్లాసు ఎత్తి వెలుగులో నీళ్ళు చూస్తుంది. అలాంటి మనిషి."

"ఇంకేం, ఇద్దరూ మూటా ముల్లె సర్దుకోక?"

"నా షాపుందిగా మేడమ్. ఈ చుట్టుపక్కల ఏ సైకిల్‌కి ఏ చక్రం ఎటు వంగుతుందో నాకు తెలుసు. మొన్ననే పక్క గది కూడా కలుపుకున్నాను. అక్కడికెళ్ళి మళ్ళీ మొదట్నించీ పంచర్లు వెయ్యమంటే, నా వల్ల కాదు. వెళ్తే ఈవిడొక్కతే వెళ్ళాలి. ఎప్పుడో సెలవకి రావాలి."

"నీ మాటేంటి బాబూ?"

"వెళ్ళద్దంటున్నాను."

"నీ మాట అమ్మాయ్?"

"వెళ్తానంటున్నాను."

"ఇద్దరూ నా మొహం చూసి చెప్తారేంటి? నేనేమన్నా వెళ్తున్నానా? ఒకళ్ళనొకళ్ళు చూసుకుని చెప్పండి."

"ఇంట్లో చెప్పుకున్నాం మేడమ్."

"చాలాసార్లు చెప్పుకున్నాం. ఇక ఆడటమే మిగిలింది. ఆట తియ్యండి."

"ఇంట్లో ఉన్న ఆటలేమయ్యాయి?"

"వాటిల్లో ఒకరికొకరం తెలిసిపోయాం మేడమ్. ఈవిడ కనుబొమ్మ ఎత్తితే తరవాతి ఎత్తేంటో చెప్పేస్తాను. ఇద్దరికీ కొత్తదైతేనే బాగుంటుంది. నా తప్పులు ఈవిడకి తెలియకూడదు."

"తప్పులా?"

"ఎత్తులు. ఎత్తులనబోయి తప్పులన్నాను."

"నీకివాళ నాలుక మడత పడుతోందేంటి? మళ్ళీ ఫోను. ఛ."

"ఎత్తొచ్చుగా! ఎవరూ ఊరికే చెయ్యరు కదా అన్నిసార్లు. ఏ ఊళ్ళోంచి?"

"తెలీదు. తప్పు నంబరు. మేడమ్, త్వరగా."

"వస్తున్నా, వస్తున్నా. ఇదిగో. దీని పేరు వంతెన. ఇది మధ్యలో నది. నువ్వీ ఒడ్డు, అతనా ఒడ్డు. అమ్మాయ్, నీకు పసుపు పలకలు, బాబుకి నీలం. వంతు వచ్చినప్పుడు ఒక్క పలక పెట్టాలి. నీ వంతెన ముందుకు కట్టుకుంటావా, ఎదుటివాళ్ళ దారికి అడ్డం పెడతావా, నీ ఇష్టం. ముందు ఎవరు అవతలి ఒడ్డు చేరితే వాళ్ళు గెలిచినట్టు. పలకలైపోయేదాకా ఎవరూ దాటలేదనుకో, ఒడ్డుకి ఎవరు దగ్గరుంటే వాళ్ళది. అర్థమైందా? చంటిపిల్లలు కూడా ఆడతారు. టీ చల్లారే లోపల అయిపోతుంది."

"ఇది బాగుంది. ఇదే కట్టెయ్యండి."

"కట్టను. ఇక్కడ ఒకసారి ఆడాలి. అది నా షాపు పద్ధతి, మీ ఇంటికి మీ పద్ధతున్నట్టు. ఆడిన మనిషి పెట్టె తిరిగి తేడు."

"సరే, నేర్చుకోడానికి ఒకసారి ఆడదాం. ఇది లెక్కలోకి రాదు."

"వస్తుంది."

"నేర్చుకునేది లెక్కలోకెలా వస్తుంది?"

"వస్తుందంటున్నాను. ఇంటికెళ్ళి, బట్టలు మార్చుకుని, వాషర్‌కి పాలు పోసి, అప్పుడు కూర్చునేదాకా నేనాగలేను. నా వల్ల కాదు. తాడో పేడో ఇక్కడే తేలిపోవాలి. నువ్వు గెలిస్తే ఉండిపోతాను. నేను గెలిస్తే వెళ్తాను. అంతేగా?"

"అంతే."

"మేడమ్ సాక్షి."

"నన్నెందుకమ్మా లాగుతారు? కానివ్వండి. అమ్మాయ్, నువ్వు మొదలెట్టు."

అలా మొదలైంది. షాపావిడ టీ గ్లాసు పట్టుకుని పక్కన స్టూలు మీద చేరింది, నేర్పడానికి.

"పసుపు ఒకటి. బాగుంది. నీలం... బాబూ, దాన్ని ఒడ్డు పక్కనే అడ్డంగా పెట్టావే? ముందుకి పెట్టాలి."

"ఆలోచనుంది మేడమ్."

"ఉంటే సరే. అమ్మాయ్, నీకు ముందంతా ఖాళీ. పెట్టు. అదేంటి, వెనక్కి పెట్టావు?"

"పునాది."

"నీళ్ళ మీద పునాదేంటమ్మా?"

"గట్టిగా ఉండాలని."

"అట్టముక్కే కదమ్మా, పడిపోదు. నీలం. అయ్యో, మళ్ళీ పక్కకేనా? నువ్వు ఒడ్డు వెంబడి వీధి వేస్తున్నావు బాబూ, వంతెన కాదు."

"మేడమ్, మీరు చెప్పకండి. ఆయన్ని ఆలోచించుకోనివ్వండి. ఇదిగో నాది."

"నీదీ పక్కకే. సరిపోయింది."

"అక్కడ పెట్టావేంటి నువ్వు? ఇక్కడ పెడితే మూడంటే మూడు పలకల్లో దాటేస్తావు."

"నా పలక నా ఇష్టం. నువ్వు నాకు నేర్పక్కర్లేదు. నీ దారి చూసుకో. అటు చూడు, నీకెవరూ అడ్డం లేరు. సూటిగా పో."

"పోతా. నా ఇష్టమొచ్చినప్పుడు పోతా."

"పో మరి!"

"అరవకు. నువ్వు ముందు నాకు అడ్డం పెట్టు. అడ్డం పెట్టకుండా ఆటేంటి?"

"నువ్వు పెట్టావా?"

"సరే, ఇదిగో, పెట్టాను."

"ఇది నాకు అడ్డం కాదు. నీకే అడ్డం. నీ దారికి నువ్వే గోడ కట్టుకున్నావు."

"పొరపాటు."

"గింజ గింజా లెక్కపెట్టే మనిషికి పొరపాటా?"

"చత్వారం వస్తోంది. దగ్గరివి కనపడ్డం లేదు."

"నిన్న బేరింగు గోళీ మంచం కింద పడితే చీకట్లో వెతికి తీశావు."

"అది నా పని. ఇది కొత్త ఆట. పెట్టు, నీ వంతు."

"పెడతా. తొందరెందుకు?"

"తొందర నీదేగా? ఇంటికెళ్ళేదాకా ఆగలేనన్నావు."

"చూడండి, ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఈ బల్ల మీద ఎంతమందినో ఆడించాను. ఓడి ఏడ్చిన పిల్లలున్నారు. ఒక పెద్దాయన బోర్డెత్తి కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరాడు. కానీ నది రెండు ఒడ్లకీ ప్రహరీ గోడలు కట్టి మధ్యలో ఒక్క పలకా వెయ్యనివాళ్ళని ఇదే చూడటం. నా టీ చల్లారిపోయింది. కానివ్వండమ్మా."

"ఇదిగో, నాది చివరిది."

"నాదీ."

"పలకలైపోయాయి. ఎవరూ దాటలేదు. దాటడం మాట అలా ఉంచు, తడిసినవాళ్ళు కూడా లేరు. ఉండండి, ఎవరు దగ్గరున్నారో చూస్తా. నీలం ఇక్కడ. పసుపు... పసుపు ఒక్క పలక ముందుంది. అమ్మాయ్, నువ్వే గెలిచావు."

"కాదు. సరిగ్గా చూడండి."

"చూశానమ్మా."

"ఆ పలక వంకరగా ఉంది. అది లెక్కలోకి రాదు. ఇందాక చెయ్యి తగిలి జరిగింది."

"వంకరైనా ముందుందిగా?"

"మేడమ్, ఈవిడే గెలిచింది. నేనొప్పుకుంటున్నాను. అయిపోయింది. వెళ్తుంది. అమ్మయ్య. లే, ఫోన్ చేసి చెప్పు వాళ్ళకి."

"ఓడిపోయి నవ్వుతావేంటి?"

"ఏడవమంటావా?"

"సణుగు."

"ఆఁ?"

"ఓడావుగా. సణుగు. అన్నాళ్ళూ నేను సణిగితే చెవులు మూసుకున్నావుగా, ఇప్పుడు నీ హక్కు. పెళ్ళాం వదిలేసి పోతోందని సణుగు. సణగవేం?"

"తరవాత సణుక్కుంటాలే."

"కావాలని ఓడావు."

"లేదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"సరే. కావాలనే ఓడాను. ఏం? ఓడాలనే ఇంట్లోంచి బయల్దేరాను. పాత ఆటైతే నువ్వు పట్టేస్తావని కొత్తది కొందామన్నాను. నేను గెలిచి నిన్నిక్కడ కట్టిపడేస్తే ఏమవుతుందో తెలుసా? వయొలిన్‌కే ఇన్నేళ్ళు పడ్డాను. ఇదెలా పడతాను? పొద్దున లేస్తే నీ మొహంలో ఆ ఊరు కనిపిస్తుంది. ప్రతి ఆదివారం ఆ సముద్రం నా నెత్తిన పోస్తావు. నోరెత్తకూడదు, రూలు. ఆ నింద నేను మొయ్యలేను. నా వల్ల కాదు."

"అంటే నన్ను వెళ్ళిపొమ్మంటున్నావు."

"నువ్వు వెళ్తే నాకేం బాగుంటుంది? ఏం బాగోదు. ఆ వంకాయ రంగు గోడల మధ్య నేనూ ఆ పిల్లీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చోవాలి. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది. అయినా వెళ్ళు. అది నీ పని. నీకోసమే పెట్టినట్టున్న పని."

"కాస్త ఆగు బాబూ. నువ్వు ఓడటానికి ఆడావు, అది నాకు రెండో పలకకే తెలిసింది. మరి ఈ అమ్మాయి? ఈ అమ్మాయీ నీకంటే తక్కువ ఆడలేదే."

"అవును కదా. నువ్వూ వెనక్కే పెట్టావు. పునాదన్నావు. నువ్వు కూడా ఓడదామనే కూర్చున్నావా? ఎందుకు? నా కోసమా?"

"లే, వెళ్దాం. వాన తగ్గింది."

"తగ్గలేదు. చెప్పు. నన్నొక్కణ్ణీ వదిలి వెళ్ళలేకనేనా? పైకి వెళ్తానని పోట్లాడుతూ, లోపల... పిచ్చిదానా! మేడమ్, చూశారా ఈవిడని? నాకోసం ఎన్నాళ్ళ కోరికో పక్కన పెట్టేసి..."

"అలా అనకు."

"ఎందుకనకూడదు?"

"అనకు. నన్నలా చూడకు."

"అదిగో, మళ్ళీ మోగుతోంది. ఈసారి నేనెత్తుతా. వస్తోందని నేనే చెప్తా."

"ఎత్తకు!"

"నీ సిగ్గు నాకు తెలుసు. నేనైతే..."

"ఎత్తకంటున్నానా! ఆవిడ థాంక్స్ చెప్పడానికి చేస్తోంది."

"ఎవరు?"

"ఆ ఊరు వెళ్ళే ఆవిడ."

"ఆ ఊరు వెళ్ళేది నువ్వుగా?"

"నేను కాదు. పొద్దున్నే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. నువ్వు షాపు తెరవడానికెళ్ళావు చూడు, అప్పుడు. మధ్యాహ్నానికల్లా ఆవిడకిచ్చేశారు. అప్పట్నించీ థాంక్స్ చెప్పాలని చేస్తూనే ఉంది."

"మరి సాయంత్రంలోగా చెప్పాలన్నావు?"

"అబద్ధం. ఆటలో కాదు."

"నా కోసం వద్దన్నావా?"

"నీ కోసమైతే బాగుండేది. నీ కోసమని చెప్తే ఇప్పుడు నువ్వు నమ్ముతావు కూడా. కాదు. భయమేసింది."

"నీకా? భయమా?"

"నిన్న వాళ్ళు తలుపు ఫోటో పంపారు. తలుపు మీద పలక, దాని మీద నా పేరు. అది చూసి ఫోను బోర్లించేశాను. ఇక్కడ నేను సంతకం పెడితే, దాని పైన ఇంకొకాయన సంతకం ఉంటుంది. తప్పైతే ఆయన పట్టుకుంటాడు. అక్కడ నా పైన ఎవరూ లేరు. ఈ నీళ్ళు మంచివే, తాగండి అని నేనొక్కదాన్నే రాయాలి. రాస్తే ఊరంతా తాగుతుంది. రాత్రంతా అదే. అడిగినన్నాళ్ళూ లేని భయం, ఇస్తామనేసరికి వచ్చింది. తోక ముడిచాను. అంతే. అంతకంటే ఏం లేదు."

"మరి ఈ ఆటెందుకు? వానలో ఇంత దూరం నాతో ఎందుకొచ్చావు?"

"నువ్వు గెలుస్తావని."

"గెలిస్తే?"

"గెలిస్తే నీ వల్లే ఆగిపోయినట్టు. లాబులో అడిగితే మా ఆయన ఒప్పుకోలేదని చెప్పొచ్చు. అంట్లు తోముతూ నిన్ను సణగొచ్చు. సణిగి సణిగి నాకు కూడా అదే నిజమనిపిస్తుందేమో అనుకున్నా. నీ మీద పెట్టేద్దామనుకున్నాను. నువ్వేమో ఓడి కూర్చున్నావు. ఏదో ఒకటి అను. తిట్టు. గెలిచాను కదా, నోరెత్తను."

"అమ్మాయ్, ఏడవకు. ఇదిగో, మంచినీళ్ళు తాగు. బాబూ, ఈ పలకలు తీసేసి పెట్టెలో వేసెయ్యనా?"

"తియ్యకండి మేడమ్. ఆ నీలంవి ఇటివ్వండి. పసుపువి ఈవిడకివ్వండి."

"ఇంకా ఎందుకు? అయిపోయిందిగా."

"ఇందాకటిది నేర్చుకోడానికి. లెక్కలోకి రాదని ముందే చెప్పాను."

"నేను చెప్పింది నీకర్థమైందా? ఇక ఆడినా ఆడకపోయినా..."

"అర్థమైంది. అన్నీ అర్థమయ్యాయి. కూర్చో. ఈసారి నేను గెలుస్తాను. నువ్వు ఎన్నేళ్ళైనా సణుక్కో. నేను నోరెత్తను."